ప్రశంసాపత్రంలో చేసిన పని రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 15 దగ్గర పడింది. పరేడ్ మైదానాల్లో మంత్రులు, కలెక్టర్ల చేతుల మీదుగా ఉద్యోగులకు ప్రశంసాపత్రాలు ఇస్తారు. బంగారు రంగు అంచు, కింద సంతకం, మధ్యలో చుక్కల గీత మీద పెన్నుతో రాసిన పేరు. ఎవరి పత్రం చూసినా ఒకటే మాట: 'విధి నిర్వహణలో విశిష్ట సేవలు అందించినందుకు'. ఏం సేవ, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఉండదు. అలాంటప్పుడు ఒళ్లు వంచి పనిచేసినవారికీ, అడిగి పేరు పెట్టించుకున్నవారికీ తేడా ఎలా తెలుస్తుంది?

తప్పు జాబితా దగ్గరే మొదలవుతుంది. పేర్లు పంపమని మెమో జెండా పండుగకు రెండు మూడు రోజుల ముందు వస్తుంది, సాయంత్రానికల్లా పంపేయాలి. ఆ హడావిడిలో కళ్ల ముందున్నవారి పేర్లే టైపవుతాయి. కంప్యూటర్ ఆపరేటరు, పేషీ గుమస్తా అర్హులు కారని కాదు. ఊళ్లు తిరిగే ఏఎన్ఎం, స్తంభాలెక్కే లైన్‌మన్, దుమ్ము పట్టిన బీరువాలోంచి పాత భూమి రికార్డు (ఆర్.ఎస్.ఆర్) పుట వెతికి తీసే రికార్డు అసిస్టెంటు ఆ పూట ఎవరికీ గుర్తురారు.

మెమో కనీసం మూడు వారాల ముందు వెళ్లాలి. ప్రతి పేరు పక్కన చేసిన పని రెండు వాక్యాల్లో రాయాలి. 'తుపాను రాత్రి కూలిన 11 కేవీ స్తంభం మార్చి, తెల్లారేసరికి మంచినీటి మోటార్లకు కరెంటు ఇచ్చారు' అన్నట్టు ఉండాలి. అలా రాయడానికి ఏమీ దొరకకపోతే ఆ పేరు పంపకూడదు. అధికారి ఒక్కరే తేల్చకుండా సెక్షన్‌లో తోటివారిని అడగాలి. ఎవరు సెలవు పెడితే పని ఆగిపోతుందో వాళ్లకే బాగా తెలుసు. గత మూడేళ్ల జాబితాలు ఎదురుగా పెట్టుకుంటే ఒకే పేరు మళ్లీ మళ్లీ రాదు. నలుగురు కలిసి చేసిన పనికి ఒక్కరిని పిలిస్తే మిగతా ముగ్గురి మనసు విరుగుతుంది. నలుగురి పేర్లూ రాయండి.

ఆ రెండు వాక్యాలే పత్రంలో అచ్చు వేసి, మైకులో చదవాలి. టైము చాలదంటే వేదిక మీద పదిహేను మందికి ఇచ్చి, మిగతావారికి వాళ్ల ఆఫీసులోనే, రోజూ పక్కన కూర్చునే మనుషుల ఎదుట చదివి ఇవ్వవచ్చు. నా దృష్టిలో ఆ గౌరవమే ఎక్కువ. ఇంటిపేరు, హోదా మాత్రం సర్వీసు రిజిస్టరు చూసి రాయాలి. తప్పు పేరుతో వచ్చిన పత్రాన్ని ఎవరూ గోడకు తగిలించుకోలేరు.

పత్రం చేతికందాక ఉత్తర్వు నంబరు, తేదీతో సర్వీసు రిజిస్టరులో నమోదు చేసి ఆఫీసు అధిపతి సంతకం పెట్టాలి. చాలాచోట్ల ఇది జరగడం లేదు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి ఆ రిజిస్టరే ఉండదు కాబట్టి, వారికి ఆఫీసు లెటర్‌హెడ్ మీద పని వివరం, సీలు, సంతకంతో ఉత్తరం ఇవ్వాలి. రేపు ఇంకోచోట పని అడగడానికి వెళ్లినప్పుడు వాళ్లు చూపించుకోగలిగేది ఆ కాగితమే.

ఇట్లు,
విశ్రాంత ఆఫీసు సూపరింటెండెంట్, కాకినాడ