ఐర్లండ్ బడులు, చెన్నై ఇళ్లు

సంపాదకులకు నమస్కారం.

తమిళనాడులో తెలుగు చదువుల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలనూ లేఖలనూ చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాడిగా శ్రద్ధగా చదువుతుంటాను. వాటిలో ఎక్కువ భాగం 2006లో వచ్చిన తమిళ నిర్బంధ బోధన చట్టం చుట్టూ, పదో తరగతి పరీక్షలో తమిళం నుంచి మినహాయింపు చుట్టూ తిరుగుతాయి. ఆ పోరాటం న్యాయమైనదే. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతూనే ఉంది. అయితే బడిలో తెలుగు పీరియడు దక్కితే చాలు, భాష తరువాతి తరానికి చేరినట్టేనని నమ్మేవారు ఒకసారి ఐర్లండ్ వైపు చూడాలి.

ఆ దేశపు సొంత భాష ఐరిష్‌కు లేని హోదా లేదు. 1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడ్డాక అది బడిలో తప్పనిసరి పాఠ్యాంశమైంది; 1937 రాజ్యాంగం దాన్ని మొదటి అధికార భాషగా ప్రకటించింది; 1972లో సొంత రేడియో, 1996లో సొంత టీవీ చానెల్ వచ్చాయి; 2007 నుంచి ఐరోపా సమాఖ్య అధికార భాషల్లోనూ చోటు దక్కింది. ఇన్ని ఉండి కూడా, 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చునని చెప్పిన సుమారు 18.7 లక్షల మందిలో బడి బయట దాన్ని రోజూ మాట్లాడేవారు 71,968 మందే. ఏళ్ల తరబడి చదివి, పరీక్ష రాసి, ఇంటికి వచ్చి ఇంగ్లీషులో మాట్లాడుకునేవారే అక్కడ ఎక్కువ.

మన కథ ఇందుకు తలకిందులు. విజయనగర, నాయక రాజుల కాలంలో ఈ గడ్డకు వచ్చిన కుటుంబాల్లో ఎన్నో, తెలుగు అక్షరం ఒక్కటీ రాకపోయినా, శతాబ్దాల పాటు ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నాయి. 2011 లెక్కల్లో తమిళనాడులో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవారు 42 లక్షలకు పైమాటే. బడి అండ లేకుండా అన్నాళ్లు నిలిచినది ఇప్పుడు ఒక్క తరంలో జారిపోతుంటే, అందుకు తమిళాన్ని నిందించడం నాకు సబబుగా తోచదు. తమిళం పక్కనే కదా ఇన్ని తరాలు బతికింది. తల్లీ తండ్రీ ఇద్దరూ తెలుగువారై ఉండి, తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటూ, చంటిబిడ్డ వైపు తిరిగేసరికి ఇంగ్లీషు అందుకునే ఇళ్లు మా పేటలో ఎన్నో ఉన్నాయి.

19వ శతాబ్దపు ఐర్లండ్‌లో పిల్లవాడు ఐరిష్ మాట పలికినప్పుడల్లా వాడి మెడలో వేలాడే కర్ర మీద గాటు పెట్టి, ఆ గాట్లను లెక్కించి బడిలో దండించేవారు. తల్లిదండ్రులలో చాలామంది దానికి సమ్మతించారు. 1845లో మొదలైన మహాక్షామం తరువాత అమెరికాకు ఓడెక్కడం తప్ప దారి లేనివారికి ఇంగ్లీషే కూడు పెట్టే భాషగా కనిపించింది గనుక వారిని తప్పుపట్టలేం. మనకు ఆ కర్ర లేదు గాని ఎగతాళి ఉంది. సెలవులకు నెల్లూరో విజయవాడో వెళ్లిన మా పిల్లలు నోరు తెరిస్తే ‘అరవ యాస’ అని నవ్వే బంధువులున్నంత కాలం, ఆ పిల్లలు మరుసటి ఏడాది ఇంగ్లీషు చాటుకు తప్పుకోవడంలో వింతేముంది?

బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ఐర్లండ్‌లో, బెల్‌ఫాస్ట్ నగరంలో, కొన్ని కుటుంబాలు చేసిన పని ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. తమకు పుట్టుకతో రాని ఐరిష్‌ను పెద్దయ్యాక నేర్చుకుని, 1960ల చివర షాస్ రోడ్డులో పక్కపక్కనే ఇళ్లు కట్టుకుని, పిల్లలతో ఐరిష్‌లోనే మాట్లాడుతూ, 1971లో ప్రభుత్వ గుర్తింపు లేకుండానే బడి పెట్టారు. వారి పిల్లలకు ఆ భాషలో ఆడుకోవడానికీ పోట్లాడుకోవడానికీ తోటి పిల్లలు దొరికారు. చెన్నైలోని తెలుగు సంఘాలు ఉగాది వేదిక మీద పిల్లల చేత బట్టీ పట్టిన పద్యాలు చెప్పించడం మంచిదే గాని, వారానికి ఒక పూట వారిని ఒకచోట చేర్చి తెలుగులో ఆడుకోనిస్తే అంతకంటే మేలు జరుగుతుంది.

ఇక్కడే మరొక మాట. ఆగస్టు 29న మనం స్మరించుకునే గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజనుల భాష నేర్చుకుని, వారికి బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. తమిళనాడు ప్రభుత్వాన్ని మనం అడుగుతున్నదే రేపు సవర, కోయ, గోండి తల్లిదండ్రులు తెలుగు రాష్ట్రాలను అడిగితే, మనవాళ్లు ఇచ్చే జవాబు మన వాదానికి తగినట్టు ఉండాలి.

మీ పత్రికకు నాదొక విన్నపం. పిల్లల పేజీలో నెలకొకసారైనా చెన్నై, హోసూరు, కోయంబత్తూరు, బెంగళూరు పిల్లల మాటలకు కొంత చోటివ్వండి. రాయడం రానివారు చెబితే పెద్దలు రాసి పంపుతారు. దయచేసి వారి యాసను దిద్దకుండా, ఉన్నది ఉన్నట్టుగా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై