స్టార్ట్ దగ్గర బ్యాగులు తెరిచి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మీ క్రీడల పేజీలో మౌంటెన్ బైక్ పోటీ ఫొటో చూశాను. కళ్లు తప్ప ఒళ్లంతా బురదైపోయిన కుర్రాడు, కింద ‘వానకు తలవంచని వీరులు’ అనే శీర్షిక. ఫొటో బాగుంది. నా పేచీ అంతా ఆ శీర్షికతోనూ, వార్త చివర ‘సగం మంది మధ్యలోనే చేతులెత్తేశారు’ అన్న వాక్యంతోనూ. ఆ పోటీలో నేనూ ఉన్నాను. నలభై దాటిన మహిళల విభాగం. బహుమతి ఆశ ఎప్పుడూ లేదు, కటాఫ్ టైమ్ (పోటీ ముగించడానికి ఇచ్చిన గడువు) లోపు గీత దాటితే చాలనుకునే బాపతు.

ముందే చెబుతున్నాను, బురద మీద నాకు ఫిర్యాదు లేదు. టైరుకీ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకీ మధ్య మట్టి కూరుకుపోయి చక్రం తిరగనంటే సైకిల్‌ను భుజాన వేసుకుని నడుస్తాం. చైన్‌లో ఇసుక చేరి కరకరలాడుతుంటే గేరు బలవంతంగా మార్చకూడదు, వెనక డిరైలర్‌ను, అంటే చైన్‌ను ఒక గేరు నుంచి మరో గేరుకి జరిపే భాగాన్ని, పట్టి ఉంచే హ్యాంగర్ విరిగిందంటే ఆ రోజుకి అంతే. రెసిన్ బ్రేక్ ప్యాడ్లు తడి ఇసుకలో ఒక్క పోటీకే అరిగిపోవచ్చు, అందుకని వాన వస్తుందంటే లోహపు పొడిని గట్టిపరిచి చేసిన సింటర్డ్ మెటల్ ప్యాడ్లు వేసుకుంటాం. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తాం. తడిసిన చెట్టు వేర్ల మీద బ్రేక్ ముట్టుకోం. ఇవన్నీ పడి లేచి నేర్చుకునేవే. నిజానికి ఈ ఆటలో సగం సరదా అక్కడే ఉంది.

చలి సంగతి వేరు. కొండ ఎక్కేటప్పుడు చెమటతో, వానతో బట్టలు ముద్దైపోతాయి గానీ కాళ్లు ఆడుతూ ఉంటాయి కాబట్టి వేడి తెలుస్తుంది. వెయ్యి మీటర్లు పైకెళితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పడిపోతుంది. ఆపైన గాలి. దిగుడు మొదలయ్యాక పెడల్ తొక్కే పనే ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు, తడి బట్టలు ఉన్న వేడిని లాగేస్తాయి. ఆ రోజు పైకి చేరేసరికి వడగళ్లు మొదలయ్యాయి. కిందికి దిగుతున్న కాసేపటికే నా వేళ్లు కొంకర్లు పోయాయి. బ్రేక్ లీవర్ మీద వేలుందో లేదో కళ్లతో చూస్తేగానీ తెలియలేదు. శక్తి కోసం తినే జెల్ ప్యాకెట్‌ను పళ్లతో చింపాను.

నా ముందు వెళ్తున్న కుర్రాడు నున్నటి దారి వదిలి పొదల్లోకి పోతున్నాడు. ఆపి పలకరిస్తే ‘బాగానే ఉన్నానక్కా’ అన్నాడు. (ఆంటీ అననందుకు సంతోషించే స్థితిలో లేను.) మాట ముద్దముద్దగా వస్తోంది. అంత చలిలోనూ ఒంట్లో వణుకు లేదు. నాకు భయం వేసింది అందుకే. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా అంటారు. మొదట ఒళ్లంతా విపరీతంగా వణుకుతుంది. నాలుక మడతపడి, అడుగు తడబడి, వేడెక్కకుండానే ఆ వణుకు ఆగిపోయిందంటే పరిస్థితి ముదిరినట్టు. పైగా తనకేమవుతోందో గ్రహించే తెలివి కూడా మందగిస్తుంది. అలాంటి మనిషిని ‘నువ్వు ఓకేనా?’ అని అడిగి, ‘ఓకే’ అన్నాడని వదిలేయడం ఎంత దారుణమో చూడండి.

అతని బ్యాగులో పంపు, ట్యూబు, జెల్స్ ఉన్నాయి. జాకెట్ లేదు. బరువు తగ్గుతుందని కారులోనే వదిలేశాడట. రూల్స్‌లో రెయిన్ జాకెట్ తప్పనిసరి అనే ఉంది. కానీ స్టార్ట్ దగ్గర మైకులో ‘అందరి దగ్గరా జాకెట్లున్నాయా?’ అని అడిగారు, అందరం ‘ఉన్నాయ్’ అని అరిచాం, అయిపోయింది. నా దగ్గరున్న ఫాయిల్ దుప్పటి కప్పి, మరో రైడర్ సాయంతో చెక్‌పాయింట్ దాకా నడిపించాం. అక్కడ అరటిపళ్లు, చల్లటి నీళ్లు, తడిసి వణుకుతున్న ఇద్దరు వలంటీర్లు. పాపం, వాళ్లనేమనగలం? జీపు వచ్చేదాకా అందరం అతన్ని చుట్టుకుని నిలబడ్డాం. అతను కోలుకున్నాడు.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగులో వడగళ్లు, ఈదురుగాలి ముంచుకొచ్చి 21 మంది చనిపోయారు. పాల్గొన్నది 172 మంది. ఆరుగురిని ఒక గొర్రెల కాపరి తన గుహలోకి తీసుకెళ్లి బతికించాడు. పరుగైనా సైకిలైనా కొండ మీద చలి ఒకటే. ఇక పోటీ కుదిస్తే పరువు పోతుందనుకునేవాళ్లకు ఒక మాట. 2013 మార్చిలో మిలాన్–సాన్‌రెమో రోడ్ రేసు మంచులో చిక్కుకుంటే, రైడర్లను బస్సులెక్కించి కనుమ దాటించి అవతల మళ్లీ మొదలుపెట్టారు. గెలిచిన గెరాల్డ్ సియోలెక్ విజేతగానే ఉన్నాడు.

కాబట్టి స్టార్ట్ దగ్గర ప్రతి బ్యాగూ తెరిచి చూడాలి, జాకెట్ లేకపోతే గీత దాటనివ్వకూడదు. కొండ మీదున్న చెక్‌పాయింట్‌లో టెంటు, వేడి పానీయం, పొడి దుప్పట్లు ఉండాలి. వాదనలు వినకుండా రైడర్ నంబరు తీసేసుకుని పోటీ నుంచి ఆపేసే అధికారం అక్కడున్న ఒకరికి ఇవ్వాలి. వాతావరణం ఎంత చెడితే దారి కుదిస్తారో పోటీకి ముందే ప్రకటించాలి.

మీకో విన్నపం. ఈసారి మీ విలేకరిని ఫినిష్ గీత దగ్గరే కాకుండా పై చెక్‌పాయింట్ దగ్గర కూడా నిలబెట్టండి. ఎవరు ఎందుకు ఆగారో అడిగి రాయించండి. ఆ ‘చేతులెత్తేసిన’ వాళ్ల లెక్కలో, పోటీ వదిలేసి నాతో పాటు ఆ కుర్రాడిని నడిపించుకొచ్చిన రైడర్ కూడా ఉన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు