అమ్మకు మాట వినపడాలి

చి.ల.సౌ. బుజ్జమ్మకు మీ నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వు, అల్లుడుగారు, చిన్నాడు అక్కడ క్షేమమని తలుస్తాను.

హోమ్ థియేటర్‌కి అరవై వేలు పక్కన పెట్టాం, ఏది కొనమంటావు నాన్నా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే ఉత్తరం రాస్తున్నాను. షాపుకి వెళ్లేటప్పుడు ఇది సంచిలో పెట్టుకో.

పోయిన నెల మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ ఒకటి గమనించాను. సినిమాలో మాటలొస్తే అమ్మ రిమోట్ తీసుకుని సౌండు పెంచేది. ఫైటు రాగానే చిన్నాడు లేస్తాడని గబగబా తగ్గించేది. రెండో రోజుకి "ఏమన్నాడు?" అని అడగడం కూడా మానేసి ఊరికే తెరవైపు చూస్తూ కూర్చుంది. అది నా మనసులోంచి పోవడం లేదు. మీ టీవీ పలచన, దాని స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి, మాట తిన్నగా మనిషి దగ్గరికి రాదు. కాబట్టి నువ్వు తెచ్చే సెట్టులో అమ్మకు మాట వినపడాలి. గోడలు అదరడం సంగతి తర్వాత చూద్దాం.

ముప్పై ఏళ్లు తణుకు చుట్టుపక్కల మైకు సెట్లు కట్టినవాణ్ణి. హరికథ మొదలవగానే పందిరి చివరికి వెళ్లి నిలబడేవాణ్ణి. చిడతల మోత ఊరంతా వినిపిస్తుంది, అదేం గొప్ప కాదు. పద్యంలో ఆఖరి అక్షరం చివరి చాపమీద కూర్చున్న ముసలమ్మకు అందిందా లేదా, అదే నా లెక్క. మీ హాల్లోనూ అదే లెక్క.

5.1 అంటే అయిదు స్పీకరు పెట్టెలు, లోతు మోతకి ఒక సబ్‌వూఫర్. టీవీ కింద మధ్యలో ఉండేది సెంటర్. సినిమాలో మాటలు చాలావరకు అందులోంచే వస్తాయి. ముందు రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (అరలో పట్టే చిన్నవి), అదే కంపెనీ అదే సిరీస్ సెంటరు, వాటికి ఒక 5.1 రిసీవరు, అంటే టీవీ సౌండు తీసుకుని పెట్టెలన్నిటికీ పంచే మెషీన్ తీసుకో. రిసీవరుకి సగం డబ్బు మించనివ్వకు. మిగతాదాంట్లో చాలావరకు ఆ మూడు పెట్టెల మీదే పెట్టు. సబ్‌వూఫరు దసరాకి, వెనక రెండూ ఆపైన ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, రిసీవరులో వాటి చోటు ఎక్కడికీ పోదు. ఇదే డబ్బుకి ఆరు పెట్టెలూ ఒకే అట్టపెట్టెలో ఇస్తామంటారు. వద్దమ్మా. వాటిలో సెంటరు అరచేయంత ఉంటుంది, అమ్మకి కావలసిన పెట్టె అదే.

వాట్ల దగ్గర జాగ్రత్త. పెట్టెమీద వేలల్లో పీఎంపీఓ అని రాసి ఉంటే ఆ అంకె వదిలెయ్యి. వెనక చీటీమీద కరెంటు ఎన్ని వాట్లు తీసుకుంటుందో చూడు. అరవై వాట్లు తీసుకునే మెషీన్ స్పీకర్లకి నికరంగా వేల వాట్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది? మంచి కంపెనీ రిసీవర్లకీ రెండు మూడు రకాల అంకెలుంటాయి. యమహా ఆర్‌ఎక్స్-వీ385కి ఒకచోట 135 వాట్లని ఉంటుంది, అది ఒక్క చానెలే, అంటే ఒక్క స్పీకరే నడుస్తూ, సౌండు 10 శాతం చెదిరినా సరే అనుకున్న లెక్క. రెండు చానెళ్లు, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, అంటే చెవికి వినపడే మేరంతా శుభ్రంగా నడిస్తే 70 వాట్లు. రెండూ నిజమే. ఏది కొన్నా ఈ రెండో రకం అంకెతోనే పోల్చుకో.

ఇంతకీ మీ సోఫా టీవీకి ఎనిమిదడుగులే. అంత దగ్గర్లో మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లు చాలు, మిగతావి ఫైటు వచ్చినప్పటి కోసం. స్పీకరు కాగితంలో సెన్సిటివిటీ అని డెసిబెల్స్‌లో ఉంటుంది, ఇచ్చిన వాట్లకి ఎంత మోత వస్తుందో చెప్పే అంకె అది. 85 ఉన్నదానికీ 88 ఉన్నదానికీ తేడా మూడే, కానీ 88 ఉన్నది సగం వాట్లతోనే అంత మోత ఇస్తుంది. ఓమ్స్ 8 గాని 6 గాని ఉన్నవి తీసుకో. 4 ఓమ్స్ వాటితో చిన్న రిసీవరు వేడెక్కిపోతుంది.

బావ అమెరికా నుంచి చవగ్గా తెస్తానన్నాడని చెప్పావు. వాడి మనసు మంచిదే, కానీ అక్కడి మెషీన్ 120 వోల్టులది, మన ప్లగ్గులో 230 వస్తుంది. అలా వచ్చిన ఒక డెక్కుని ఒక పెద్దాయన తిన్నగా ప్లగ్గులో పెట్టేసి, మర్నాడు నా బల్లమీదికి తెచ్చాడు. మూత తీస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీది కాగితం నల్లగా మాడి పొడిపొడిగా రాలింది. ఆ పెద్దాయన ముఖం ఇప్పటికీ గుర్తే. ఇక్కడే బిల్లు, గ్యారంటీ కార్డుతో కొను.

షాపుకి మన సినిమాలో మాటలున్న సీను ఒకటి ఫోన్‌లో పెట్టుకెళ్లు. వాళ్లు బాంబుల సీనే వేస్తారు, అందులో అన్ని స్పీకర్లూ బాగానే ఉంటాయి.

ఇంట్లో పెట్టేటప్పుడు సెంటరుని టీవీ బల్ల అరలో లోపలికి తోయకు. అర అంచుదాకా లాగి, ముందు కాళ్ల కింద రబ్బరు ముక్క పెట్టి అమ్మ చెవివైపు కాస్త ఎత్తు. రిసీవరుతో వచ్చే చిన్న మైకుని సోఫాలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో పెట్టి సెట్టింగ్ నడిపించు. తర్వాత సెంటరు ఒక్కటీ రెండు డెసిబెల్స్ పెంచు. రాత్రిపూట నైట్ మోడ్ పెడితే ఫైటు తగ్గి మాట నిలబడుతుంది, చిన్నాడూ లేవడు. టీవీనుంచి వైరు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అని రాసున్న రంధ్రంలోంచే రావాలి. టీవీ సౌండు సెట్టింగులో పీసీఎమ్ అని ఉంటే బిట్‌స్ట్రీమ్ అనో ఆటో అనో మార్చాలి, లేకపోతే రెండు చానెళ్లే వస్తాయి.

మీ హాల్లో చప్పట్లు కొడితే టంగుమంటోంది. నున్నటి టైల్సు, ఖాళీ గోడలు కదా. ఎంత ఖరీదు స్పీకరైనా ఆ గదిలో మాట ముద్దయిపోతుంది. సోఫా ముందు మందపాటి తివాచీ, కిటికీకి బరువు కర్టెన్లు వెయ్యి. ఈ ఖర్చు కూడా అరవై వేలల్లోనే కలుపుకో.

వైర్లు మాత్రం నువ్వు బిగించకు. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. ఒక పెళ్లి పందిట్లో తొందరలో ఒక పెట్టెకి తిరగేసి బిగించాను. రెండు పెట్టెల నడుమ కూర్చున్నవాళ్లకి సన్నాయి డొల్లగా, డోలు చచ్చినట్టు వినిపించింది. తాళికట్టే వేళకి గాని నాకు దొరకలేదు. అప్పట్నుంచి టార్చి బ్యాటరీ ఒకటి పట్టుకుని తిరుగుతాను. ఎరుపుకి ప్లస్, నలుపుకి మైనస్ తాకిస్తే స్పీకరు కోను, అంటే ముందు కదిలే కాగితం గిన్నె, బయటికి రావాలి.

సామాను రాగానే ఫోన్ చెయ్యి. ఆదివారం బండికి ఇద్దరం వస్తాం. ఒకటిన్నర ఎంఎం రాగి వైరు ఇరవై మీటర్లు, బ్యాటరీ నా సంచిలో ఉంటాయి. అమ్మని మాత్రం ముందు నుంచీ ఆవిడ ఎప్పుడూ కూర్చునే మూలే కూర్చోబెట్టు. ఆవిడ వినపడిందనే దాకా నేను సెట్టింగ్ ముట్టుకుంటూనే ఉంటాను.

ఇట్లు,
మీ నాన్న