చేతికి వేలొచ్చింది సరే, పాదం మాటేమిటి?

సంపాదకులు గారికి,

కాలి వేలు తీసి చేతికి బొటనవేలుగా అమర్చారంటూ పోయిన వారం మీ పత్రికలో అంత పెద్ద వార్త వేశారు. ‘అద్భుతం’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. ఫొటోలో రోగి చెయ్యి ఉంది, చుట్టూ నవ్వుతూ డాక్టర్లున్నారు. వేలు ఇచ్చుకున్న పాదం గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. ఆ వేలు గాల్లోంచి ఊడిపడిందా?

ఆపరేషన్‌ని నేను తప్పుపట్టడం లేదు. చెయ్యి చేసే పనిలో దాదాపు 40 శాతం బొటనవేలిదే అంటారు. మా తమ్ముడి బొటనవేలు మెషిన్‌లో పడి తెగిపోతే మేమూ ఇదే చేయించాం. ఇప్పుడు వాడు పెన్ను పట్టుకుంటున్నాడు, తాళంచెవి తిప్పుతున్నాడు. కానీ మాచేత సంతకం పెట్టించుకునే ముందు పాదం గురించి చెప్పింది ‘ఏం ఫరవాలేదు, నడుస్తాడు’ అన్న ఒక్క ముక్కే.

నడుస్తున్నాడు, ఎందుకు నడవడు! అడుగు లేపేటప్పుడు నేలని వెనక్కి నెట్టేది కాలి బొటనవేలు. అది పోయాక బరువంతా పక్క వేళ్ల మొదళ్ల కిందికి జరిగింది. అక్కడ చర్మం మందమెక్కి కాయలు కాసింది. చలికాలం వస్తే ఆ పాదం జివ్వుమంటుంది. ఇక వేలి చెప్పుల సంగతి. వాటి పట్టీ ఉండేదే బొటనవేలికీ రెండో వేలికీ మధ్య. ఒకవైపు వేలే లేనప్పుడు నాలుగడుగులు వేసేసరికి చెప్పు పక్కకి జారిపోతుంది. ఈ మాట మాకెవరూ ముందు చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లంతా షూ వేసుకుని తిరిగేవాళ్లు మరి. చేతికి నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించారు, పాదాన్ని మాత్రం కట్టు విప్పాక ఎవరూ ముట్టుకోలేదు.

అసలు తీసేది ఏ వేలు, ఎంతవరకు అన్నదే ముఖ్యం. 1966లో షాంఘైలో కాలి రెండో వేలిని చేతికి మార్చారు, 1968లో ఇంగ్లండ్‌లో జాన్ కాబెట్ అనే సర్జన్ కాలి బొటనవేలినే చేతికి పెట్టారు. ఆ రెండు దారులూ ఇప్పటికీ ఉన్నాయి. రెండో వేలు తీస్తే పాదానికి నష్టం తక్కువ, కానీ చేతికి సన్నగా, పట్టు తక్కువగా ఉంటుంది. బొటనవేలు తీస్తే పట్టు బాగుంటుంది, ఆ బాకీ పాదం తీరుస్తుంది. 1980లో ఆస్ట్రేలియాలో మోరిసన్ అనే సర్జన్ బృందం కాలి బొటనవేలి గోరు, చర్మం లాంటివి తీసుకుని, ఎముకని తుంటి నుంచి తెచ్చే పద్ధతి చూపించింది. వేలు మొత్తం తీయాల్సి వచ్చినా, దాని మొదట్లో బరువు మోసే పాదం ఎముకని కదపకుండా వదిలితే నడక అంతగా చెడదు. నువ్వు రోజంతా నిలబడే పని చేస్తావా, నిచ్చెనలెక్కుతావా అని అడిగి కదా వేలు ఎంచాలి! అడిగే తీరిక ఎవరికుంది? ప్రెస్‌మీట్‌కి మాత్రం తీరిక దొరుకుతుంది. మీ విలేకరులు కూడా ఆసుపత్రి ఇచ్చిన కాగితాన్ని పొల్లు పోకుండా అచ్చేస్తారు. ఎదురు ప్రశ్న వేసే అలవాటు ఎప్పుడో పోయింది.

ఇక అధికారుల ఘనత. వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్తే చెయ్యి చూసి ‘వేలుందిగా’ అన్నారు. పాదం చూపించబోతే ‘ప్రమాదం జరిగింది చేతికి కదా’ అన్నారు. అంటే చేతికి పోయింది లేదు, కాలికి పోయింది లెక్కలోకి రాదు! మెషిన్‌కి చెయ్యి పడకుండా ఆపే అడ్డు (గార్డు) లేదని మేం పెట్టిన ఫిర్యాదు ఏ బల్ల కింద ఉందో.

ఇంకో మాట. తెగిన వేలు బాగుంటే దాన్నే తిరిగి అతికించే ప్రయత్నం చేస్తారు, కాలి జోలికి వెళ్లే పనే ఉండదు. దానికి వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐస్ మీద ఉంచి వెంటనే తీసుకెళ్లాలి. ఐస్ నేరుగా వేలికి తగలకూడదు. మావాడి వేలిని తోటివాళ్లు పాపం ఐస్ ముక్కల్లోనే పడేసి పట్టుకొచ్చారు. అంత పెద్ద వార్తలో ఈ నాలుగు ముక్కలకి చోటు లేకపోయింది. రేపైనా ఓ మూల వేయండి.

— ఒక పాఠకుడు