బాబాయికి, బొమ్మలు కొనే సంగతి గురించి

లండన్

బాబాయి గారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. పిన్నికి మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ గుడికి నడిచి వెళ్తోందని అమ్మ చెప్పింది, చాలా సంతోషం.

మొన్న ఫోన్లో మీరు అడిగిన దానికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ గారి బొమ్మ వంద కోట్లు దాటిందని పేపర్లో చదివారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత బొమ్మల మీద పెడితే ఎలా ఉంటుందో, లండన్‌లో ఉన్నాను కాబట్టి కనుక్కోమన్నారు. నాకు ప్రాణమైన విషయం కనుక తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ వంద కోట్ల బొమ్మ కథ చెబుతాను. దాని పేరు ‘గ్రామ యాత్ర’. హుస్సేన్ 1954లో వేశారు. దాదాపు పద్నాలుగు అడుగుల పొడవున్న కాన్వాస్ మీద పల్లె జీవితం పదమూడు చిన్న చిన్న దృశ్యాలుగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పని మీద ఢిల్లీ వచ్చిన ఒక నార్వే డాక్టరు దాన్ని కొనుక్కుని తమ దేశం తీసుకెళ్ళారు. 1964లో అది ఓస్లోలోని ఆసుపత్రికి చేరింది. తర్వాత దశాబ్దాల పాటు అక్కడే, బయటివాళ్ళు పెద్దగా తిరగని ఒక నడవాలో గోడకు వేలాడింది. చివరికి 2025 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వాళ్ళ వేలంలో 1.37 కోట్ల డాలర్లకు పైగా పలికింది. మన లెక్కలో 118 కోట్లు. ఆ సొమ్ము డాక్టర్ల శిక్షణకు వెళ్తుందని అప్పుడే ప్రకటించారు. కొన్న మనిషి ఆ ధర చూడలేదు, ఆయన కుటుంబానికీ దక్కలేదు. మధ్యలో డెబ్బై ఏళ్ళు గడిచాయి. అదే 1954లో మన దేశంలో ఎంతోమంది బొమ్మలు వేశారు, ఎంతోమంది కొన్నారు. వాటిలో చాలావాటిని ఇవాళ అడిగే నాథుడు లేడు, వాటి గురించి పేపర్లో రాదు. అందుకే బాబాయ్, పెట్టుబడి అనుకుంటే మీ డబ్బు బ్యాంకులోనే ఉంచండి. అవసరానికి నెలలో అమ్ముకోగలిగిన వస్తువు కాదు బొమ్మంటే.

అలాగని కొనొద్దని చెప్పడం లేదు. కొనండి, తప్పకుండా కొనండి. కాకపోతే ముందు చూడటం మొదలుపెట్టండి. నాకు ఈ ఊరు నేర్పింది అదే.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదు. 1824లో 38 బొమ్మలతో మొదలైంది, ఇప్పుడు రెండు వేలు దాటాయి. నా ఆఫీసు అక్కడికి దగ్గర. మధ్యాహ్నం భోజనం త్వరగా ముగించుకుని వెళ్తాను. మొదట్లో అన్ని గదులూ చుట్టేసేదాన్ని, బయటికొచ్చాక ఏదీ గుర్తుండేది కాదు. తర్వాత అక్కడి పాత సంగతి ఒకటి చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో బొమ్మలన్నీ తీసుకెళ్ళి వేల్స్‌లో ఒక పలకరాతి గనిలో దాచారట. గ్యాలరీ బోసిపోయింది. జనం ఉత్తరాలు రాస్తే, 1942 నుంచి నెలకు ఒక్క బొమ్మ చొప్పున గని నుంచి తెప్పించి పెట్టారు. ఆ ఒక్కదాన్ని చూడటానికి జనం వచ్చేవారు. అది చదివాక నేనూ వెళ్ళినప్పుడల్లా ఒకే బొమ్మ చూడటం అలవాటు చేసుకున్నాను.

ఎక్కువసార్లు నిలబడేది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ముందు. 1669లో, తాను పోయిన ఏడాదే, అరవై మూడేళ్ళ వయసులో తన ముఖం తానే వేసుకున్నాడు. చేతులు రెండూ కలిపి పెట్టుకుని మన వైపే చూస్తుంటాడు. నుదుటి మీద రంగు మందంగా, గరుకుగా ఉంటుంది, బట్టల దగ్గరికొచ్చేసరికి ఏదీ తేలదు, అంతా చీకటి. ఎక్స్‌రే తీసి చూస్తే, మొదట ఆ చేతిలో కుంచె ఉందనీ తర్వాత దాన్ని తీసేసి చేతులు ముడిచాడనీ తెలిసింది. అది తెలిశాక నేను ఆ చేతుల్నే చూస్తుంటాను. పనిముట్టు వదిలేసి ఒట్టి మనిషిగా కూర్చున్నాడు. ఎన్ని పుస్తకాల్లో ఫొటో చూసినా ఆ రంగు మందం తెలియదు, దగ్గరికెళ్ళి నిలబడాల్సిందే.

మీకు ఆశ్చర్యంగా ఉంటుందేమో గానీ, మ్యూజియంల కంటే నాకు వేలం కంపెనీల ప్రదర్శనలే ఎక్కువ ఇష్టం. క్రిస్టీస్ 1766 నుంచి ఉంది, సదబీస్ అంతకంటే పాతది. వేలానికి ముందు కొన్ని రోజుల పాటు బొమ్మలన్నీ గోడలకు పెడతారు. ఎవరైనా వెళ్ళొచ్చు. కొంటారా అని అడగరు, డబ్బు కట్టక్కర్లేదు. మొదటిసారి తలుపు దగ్గర నాకు టెన్షన్ వచ్చింది, కానీ లోపల అందరినీ ఒకేలా చూస్తారు. ఆ బొమ్మలు ఒక ఇంటి నుంచి వచ్చి మరో ఇంటికి వెళ్ళే దారిలో ఉంటాయి. ఆ వారం దాటితే మళ్ళీ ఎన్నేళ్ళకు బయటికొస్తాయో, అసలు వస్తాయో రావో. సౌజా, రజా లాంటి మనవాళ్ళ బొమ్మలు నేను ఎక్కువగా చూసింది ఇలాంటి చోట్లే. సౌజా 1949లో ఈ ఊరొచ్చి ఏళ్ళ తరబడి ఇక్కడే వేశాడు కాబట్టి ఇక్కడి ఇళ్ళలోంచి ఆయనవి బయటపడుతూనే ఉంటాయి.

అక్కడ పనిచేసేవాళ్ళను మర్యాదగా అడిగితే బొమ్మ తీసి వెనక భాగం చూపిస్తారు. బాబాయ్, బొమ్మకు వెనక వైపు సగం చరిత్ర ఉంటుంది. ఏ గ్యాలరీ అమ్మిందో, ఏ ప్రదర్శనకు వెళ్ళొచ్చిందో అంటించిన చీటీలు, పాత నంబర్లు, ఎక్కడ చిరిగితే ఎక్కడ మాటు వేశారో, అన్నీ అక్కడే. కేటలాగులో చేతులు మారిన వరుస రాస్తారు: వేసినవాడి నుంచి ఎవరు కొన్నారు, వాళ్ళ నుంచి ఎవరికి వెళ్ళింది. మన చిత్రకారుల పేరు మీద నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అందుకే ఆ వరుసలో మధ్యలో ఖాళీ కనిపిస్తే, బొమ్మ ఎంత బాగున్నా వదిలేయాలి. అది నా గట్టి అభిప్రాయం.

వేలం రోజున వెళ్ళి వెనక వరుసలో కూర్చుంటాను. మన ఊళ్ళో చెరువు చేపలకు పాట పాడినట్టే, పేరుకి ఇంగ్లీషు, అంతే. కేటలాగులో ఒక అంచనా ధర రాసి ఉంటుంది, ఇంతకు తగ్గితే అమ్మనని అమ్మేవాడు చెప్పుకున్న ధర ఇంకొకటి ఉంటుంది, దాన్ని బయటికి చెప్పరు. పాట అక్కడిదాకా రాకపోతే ఆ బొమ్మ అమ్ముడు కానట్టే. పాట ముగిసి సుత్తి పడిన ధర ఒకటి, కొన్నవాడు కట్టేది ఇంకొకటి. కంపెనీ కమీషను పాతిక శాతం దాకా, ఒక్కోచోట అంతకు మించి పడుతుంది, దాని మీద పన్ను వేరే. వెయ్యి పౌండ్లకు పాడుకుంటే పదమూడు వందలు దాకా వదులుతుంది. మళ్ళీ అమ్మేటప్పుడు అమ్మేవాడి దగ్గర కూడా కమీషను తీసుకుంటారు. లాభం వస్తుందన్న మాట ఈ లెక్క చూశాక ఎవరైనా ఆలోచించి అనాలి.

ఇక్కడి చట్టంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 2006 నుంచి, గ్యాలరీలోనో వేలంలోనో బొమ్మ మళ్ళీ అమ్ముడైనప్పుడు ధరలో కొంత భాగం దాన్ని వేసిన చిత్రకారుడికి ఇవ్వాలి. మొదటి మెట్టులో నాలుగు శాతం, ధర పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఆయన పోయాక డెబ్బై ఏళ్ళ దాకా వారసులకు వస్తుంది. యాభై పౌండ్లకు అమ్ముకున్నవాడి బొమ్మ మీద రేపు వేరెవరో లక్షలు సంపాదిస్తే, అందులో వాడికీ వాటా ఉండటం న్యాయం కాదూ?

ఇక మాలాంటి ఉద్యోగస్తులు కొనుక్కునే చోటు వేరే ఉంది. పికాడిలీలో రాయల్ అకాడమీ ఉంది. 1769 నుంచి ఒక్క ఏడాది కూడా మానకుండా వేసవి ప్రదర్శన పెడుతున్నారు. పేరున్నవాళ్ళతో పాటు ఎవరైనా తమ బొమ్మ పంపొచ్చు, ఎంపికైతే గోడ ఎక్కుతుంది. కింద నుంచి పైదాకా గోడంతా బొమ్మలే. అమ్ముడైన దాని దగ్గర ఎర్ర చుక్క అంటిస్తారు. కొన్ని బొమ్మల కింద మాత్రం పది, ఇరవై చుక్కలు వరుసగా ఉంటాయి. అవి ప్రింట్లు. కొన్ని చిత్రకారుడు రాగి రేకు మీద గీసి, ఆసిడ్‌తో గీతలు తినిపించి, సిరా పూసి, తడి కాగితం మీద ప్రెస్సులో నొక్కి తీసినవి, వాటిని ఎచ్చింగ్‌లు అంటారు. యాభై తీస్తే ఒక్కోదాని కింద పెన్సిలుతో 12/50 (యాభైలో పన్నెండోది) అని అంకె వేసి సంతకం చేస్తాడు. ఇది ఫొటో కాపీ కాదు, ప్రతిదీ చేత్తో తీసిందే, కానీ ధర పెయింటింగ్‌లో చిన్న వంతే. నేనూ ఒకటి కొన్నాను. ఒక చిన్న గ్యాలరీలో పేరు పెద్దగా తెలియని అమ్మాయి వేసిన ఎచ్చింగ్, వానలో రైల్వే వంతెన. గ్యాలరీకి మూడు నాలుగు వారాలు వెళ్ళి చూసి, ఇంటికొచ్చాక కూడా అదే కళ్ళముందు ఉంటే అప్పుడు తీసుకున్నాను. వడ్డీ లేకుండా పది నెలల్లో కట్టే ‘ఓన్ ఆర్ట్’ అనే పథకం ఇక్కడ ఉంది. వాయిదాలు అయిపోయాయి. పొద్దున కాఫీ తాగుతూ దాన్ని చూస్తే, వంతెన కింద నీళ్ళలో ఇంతకుముందు గమనించని గీత ఏదో ఒకటి ఇప్పటికీ కనిపిస్తోంది. నా డబ్బుకు నాకొచ్చిన వడ్డీ అది.

బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి గది గురించి రాయకపోతే ఉత్తరం పూర్తి కాదు. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన మన స్తూపం పలకలు అద్దాల వెనక ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడి రాళ్ళు కొన్ని కట్టడాలకు వాడేసుకున్నారు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చినవి 1859లో ఇక్కడికి పంపారు. ఒక పలక మీద స్తూపం మొత్తం ఎలా ఉండేదో చిన్నదిగా చెక్కారు, అలంకారాలతో సహా. మన శిల్పి చేసిన ఆ పని ముందు నిలబడితే గుండె నిండిపోతుంది, అది మన అమరావతిలో లేదన్న బాధా ఉంటుంది. రెండూ నిజమే. సేకరణ అంటే ఎక్కడో ఒక చోటు ఖాళీ కావడం కూడా అని నాకు ఆ గదిలోనే అర్థమైంది.

అందుకే మీరు లండన్ వైపు చూడక్కర్లేదు. మీ ఇంటికి దగ్గరలో, రాజమండ్రిలోనే, చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఎన్నాళ్ళైంది వెళ్ళి? ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిలో పనితనం చూసి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కు పంపించాడు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు. ఆ కాస్త కాలంలో అంత పని! అక్కడ ఒక్క బొమ్మ ముందే కూర్చుని రండి. తర్వాత హైదరాబాద్ వెళ్ళినప్పుడు లక్ష్మా గౌడ్ గారి ఎచ్చింగ్‌లు చూడండి. నిజాంపూర్ పల్లెలో పుట్టి, బరోడాలో ప్రింట్ల పని నేర్చినాయన. ఆ గీతలో మేక, మనిషి, చెట్టు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి. పిన్నికి వైకుంఠం గారు వేసిన తెలంగాణ ఆడవాళ్ళు, ఆ పెద్ద బొట్లు తప్పకుండా నచ్చుతాయి. తక్కువలో మొదలుపెట్టాలంటే చేర్యాల నకాషీ చిత్రకారుల దగ్గరికే నేరుగా వెళ్ళండి. చింతగింజల జిగురు, సుద్ద పట్టించిన గుడ్డ మీద ఎర్ర రంగు పరిచి వేస్తారు. ఏం కొన్నా రసీదు తీసుకోండి. బొమ్మ పేరు, ఏడాది, కొలత, వేసినవారి సంతకం అందులో ఉండాలి. ఎవరు నేరుగా ఇచ్చారో ఫొటో తీసి పెట్టుకోండి. ఇవాళ్టి రసీదే రేపటి చరిత్ర.

ఇంకొక్క సంగతి. మామ్మ గదిలో తలుపు పక్కన ఉన్న సరస్వతి పటం ఇంకా ఉందా? చీరకు జరీ, చెమ్కీలు అంటించి ఉండేది. అది రవివర్మ ప్రెస్సు ఒలియోగ్రాఫ్, అంటే నూనె రంగుల బొమ్మలా కనిపించే అచ్చు పటం అని నా అనుమానం. ఆ ప్రెస్సు 1894లో బొంబాయిలో పెట్టారు, తర్వాత లోనావలా దగ్గరికి మారింది. అలాంటి పటాలను ఇప్పుడు శ్రద్ధగా సేకరిస్తున్నారు. ఇల్లు రంగులు వేయిస్తున్నారని విన్నాను, దయచేసి పాత సామానుతో పారేయనివ్వకండి. తడిగుడ్డతో తుడవొద్దు, చెమ్కీలు ఊడతాయి. ఆ గోడ చెమ్మగా ఉంటుంది కనుక లోపలి గదిలో ఎండ పడని చోట పెట్టించండి. ఫ్రేము విప్పొద్దు. అద్దం లోంచి కింది అంచు కనిపిస్తే, అక్కడ ప్రెస్సు పేరు అచ్చులో ఉందేమో దగ్గరగా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, వెనక అట్టది కూడా. నాకు పంపాలని మాత్రం అనుకోకండి. వందేళ్ళు దాటిన కళాఖండాలను అనుమతి లేకుండా దేశం దాటించకూడదని 1972 చట్టం ఉంది, ఉండటం మంచిదే. అది మన ఇంట్లోనే ఉండాలి.

పిన్నికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. దామెర్ల గ్యాలరీలో ఏ బొమ్మ ముందు కూర్చున్నారో రాయండి.

మీ
చిన్ని