ఏడు మెగాహెర్ట్జ్ మీద ఇద్దరికీ చోటుండాలి: కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి శ్రీ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి, గుంటూరు నుంచి ఒక హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదా కోసం నడిపే రేడియో) ఆపరేటరు నమస్కరించి వ్రాయునది.

మా పార్లమెంటు సభ్యులైన తమరే మాకు లైసెన్సులిచ్చే శాఖలో మంత్రిగా ఉన్నారు గనుక, ఢిల్లీకి చిన్నదిగా కనిపించే ఒక విషయాన్ని, అంటే చుక్కలు, గీతల మోర్స్ కోడ్ పంపేవారికీ కంప్యూటరుతో డిజిటల్ సంకేతాలు పంపేవారికీ ఒకే చోట వస్తున్న తగువును, తమ దృష్టికి తెచ్చే చనువు తీసుకుంటున్నాను.

మన దేశంలో హామ్‌లకు 40 మీటర్ల బ్యాండు (ఆ తరంగదైర్ఘ్యపు ఫ్రీక్వెన్సీల పట్టీ) 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకే ఉంది. నోటితో మాట్లాడేవారు, మోర్స్ కీ కొట్టేవారు, కంప్యూటరుతో డిజిటల్ సంకేతాలు పంపేవారు అందరూ ఈ 200 కిలోహెర్ట్జ్‌లోనే సర్దుకోవాలి. 2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ రూపొందించిన ఎఫ్‌టీ8 అనే డిజిటల్ విధానం వచ్చాక డిజిటల్ వాడకం బాగా పెరిగింది. డాబా మీద పొడవైన ఏంటెనా కట్టుకునే వీలులేని అపార్టుమెంటు వాసికి, చెవికందని బలహీన సంకేతాన్ని సైతం చదివిపెట్టే ఆ విధానం ఒక వరమే. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

చిక్కంతా వినే తీరులో ఉంది. రాత్రివేళ 7.049 మెగాహెర్ట్జ్ దగ్గర ఐదు వాట్లతో మోర్స్ పంపుతున్న దూరపు స్టేషను గుర్తింపు పేరైన కాల్‌సైన్‌ను చెవులు రిక్కించి రాసుకుంటుండగా, సరిగ్గా దాని మీదే, అలాంటిదే మరో డిజిటల్ విధానమైన ఎఫ్‌టీ4 మోత మొదలవుతుంది. పంపినవారికి దురుద్దేశమేమీ ఉండదు. స్పీకరు కట్టేసి తెర వైపు చూస్తున్న ఆయనకు, సాఫ్ట్‌వేర్ తనకు తెలిసిన సంకేతాలనే అక్షరాలుగా మార్చి చూపిస్తుంది తప్ప మోర్స్‌ను చదివి పెట్టదు. ఫ్రీక్వెన్సీలో పని జరుగుతోందా అని అడిగే మా ‘క్యూఆర్‌ఎల్’ ఎన్నిసార్లు కొట్టినా ఆయనకు చేరదు. మా మిర్చి యార్డులో ఒకే బస్తాల వరుస ముందు ఇద్దరు వేలం పాడినట్టుంటుంది.

అయితే మోర్స్ ఆ తెర మీద కనిపించకుండా పోదు. వచ్చే సంకేతాలను బొమ్మగా చూపే వాటర్‌ఫాల్‌లో అది తెగుతూ అతుకుతూ సాగే సన్నని గీతలా ఉంటుంది. ఎఫ్‌టీ8 మాత్రం సుమారు 50 హెర్ట్జ్ వెడల్పున, 15 సెకన్ల కొలతకు కట్టుబడిన పట్టీలా ఉంటుంది. కాసేపు పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తే కొత్తవారికి ఈ తేడా ఇట్టే పట్టుబడుతుంది, ఆ గీత ఉన్న చోటును వదిలి నాలుగైదు వందల హెర్ట్జ్ పక్కకు జరగడం మౌసుతో ఒక్క నొక్కు పని.

మోర్స్ వారందరూ పెద్దమనుషులేనని నేననను. 7.074 ప్రపంచమంతా ఎఫ్‌టీ8 వాడుకునే చోటని తెలిసి కూడా, నవంబరు చివర్లో జరిగే సీక్యూ వరల్డ్‌వైడ్ మోర్స్ పోటీ రోజుల్లో ఖాళీ దొరకలేదన్న సాకుతో అక్కడికి చొరబడేవారున్నారు. పైగా అసలైన రేడియో తమదేనన్న బడాయి ఒకటి. హామ్‌ల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఐఏఆర్‌యూ బ్యాండు ప్రణాళికలున్నా అవి ప్రాంతానికొక తీరుగా ఉంటాయి: ఐరోపా, ఆఫ్రికాలున్న మొదటి ప్రాంతంలో 7.040 దాకా మోర్స్‌కు, అక్కడి నుంచి 7.050 దాకా సన్నని డిజిటల్ సంకేతాలకు చోటిచ్చారు. మనమున్నది మూడో ప్రాంతం. కానీ చీకటిపడ్డాక మా రిసీవర్లలో ఐరోపా స్టేషన్లూ మోగుతాయి.

తమ శాఖ పరీక్షలో సిద్ధాంతం, నిబంధనలు అడుగుతారు. జనరల్ గ్రేడు వారికి నిమిషానికి 8 పదాల మోర్స్ ఉంది, రిస్ట్రిక్టెడ్ గ్రేడు వారికి లేదు. అందరికీ మోర్స్‌ను తిరిగి తప్పనిసరి చేయమని నేను కోరడం లేదు, కొత్త జరిమానాలు అంతకన్నా వద్దు. ప్రసారానికి ముందు చెవితోనూ తెరతోనూ వినడం, వాటర్‌ఫాల్‌లో మోర్స్ గీతను గుర్తుపట్టడం, ఎఫ్‌టీ8, ఎఫ్‌టీ4 స్థానాలకు మోర్స్ వారు దూరంగా ఉండడం అనే అంశాలను రెండు గ్రేడుల పాఠ్యాంశంలోనూ చేర్చి, వాటి మీద తప్పనిసరిగా ప్రశ్నలు అడిగే ఏర్పాటు చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. లైసెన్సుతో పాటు 40 మీటర్ల బ్యాండులో ఎవరు ఎక్కడ ఉంటే మంచిదో సూచించే ఒక్క పేజీ పటాన్ని, రెండు పక్షాల హామ్‌లను పిలిచి మాట్లాడిన తరువాత, తెలుగులో కూడా జతచేయించగలరు.

ఇట్లు,
తమ నియోజకవర్గానికి చెందిన ఒక మోర్స్ ఆపరేటరు,
గుంటూరు.