బడి లెక్కల్లోకి ఊరి కొలతలు రావాలి

సంపాదకుడు గారికి,

ఊళ్లో అప్పు ‘నూటికి రెండు రూపాయలు’, అంటే నెలకు. బడి లెక్కలో అదే ‘సంవత్సరానికి 24 శాతం’. రెండూ ఒకటేనని ఎనిమిదో తరగతిలోనూ చాలామందికి తట్టదు. పిల్లలకు లెక్కలంటే ఆసక్తి లేదనే ముందు ఈ ఎడం చూడాలి.

ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అందుకే గడువు దాటకముందే వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయిస్తారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 10,000 మూడేళ్లకు 17,200. అదే అసలై ఇంకో మూడేళ్లు నడిస్తే 29,584. తిరగరాయకపోతే ఆరేళ్ల బారువడ్డీతో 24,400 మాత్రమే. సూత్రం చెప్పకముందే ఈ లెక్క చేయిస్తే చక్రవడ్డీ ఎక్కడ పుడుతుందో పిల్లలే పట్టుకుంటారు. అయితే ‘మీ ఇంటి అప్పు రాసుకు రండి’ అని మాత్రం అనకూడదు. పదిమందిలో తల దించుకునేలా చేయడమే అది. హాజరుపట్టీ నంబరును వెయ్యితో హెచ్చవేసి అసలుగా ఇవ్వండి. 17వ నంబరుకు 17 వేలు. ఎవరి లెక్క వాళ్లదే, పక్కవాడి నోటుబుక్కు చూసి లాభం లేదు. దిద్దడమూ తేలికే: ఆరేళ్ల మొత్తం ఎవరికైనా అసలుకు 2.9584 రెట్లు.

పొలం కొలతలోనూ ఇంతే. ఎదురెదురు గట్ల సగటులు తీసి హెచ్చవేయడం పల్లెల్లో ఉన్న పద్ధతే. మూలమట్టం లేని, అంటే మూలలు లంబకోణంలో లేని మడికి అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. గట్లు వరసగా 52, 60, 52, 60 గజాలైతే 3,120 చదరపు గజాలు వస్తుంది, 48.4తో భాగిస్తే దాదాపు 64 సెంట్లన్నర. (తెలంగాణలో 121తో భాగిస్తే గుంటలు.) అదే మడికి కర్ణం 56, దాని మీదికి రెండు లంబాలూ 48 చొప్పున ఉంటే అసలు వైశాల్యం 2,688, అంటే 55 సెంట్లన్నర. తొమ్మిది సెంట్లు లేని నేల! కౌలు కట్టే ఇంటి పిల్లకు దీని సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇదే మడిని గజాలకు బదులు అడుగుల్లో బడి ఆవరణలో ముగ్గుపిండితో గీయొచ్చు. లంబాన్ని కంటి అంచనాతో పడితేనే తప్పు వస్తుంది. 12 అడుగుల తాడుకు 3, 7 అడుగుల దగ్గర ముడులేసి, కొసలు కలిపి త్రిభుజంగా బిగిస్తే 3 అడుగుల ముడి దగ్గర లంబకోణం నిలుస్తుంది. నైలాన్ తాడు వద్దు, సాగుతుంది. కొలత ఒక పీరియడు, లెక్క మరో పీరియడు. రెండూ ఒకదానిలో ఇరికిస్తే కొలతే సరిపోతుంది, లెక్క మిగిలిపోతుంది.

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో బడిలోనే వేసే మార్కులు) ప్రాజెక్టు మార్కులు చాలాచోట్ల షాపులో కొన్న చార్టులకూ, సెల్లులో చూసి ఎక్కించిన పేజీలకూ పోతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థలు) ఆ మార్కులను ఇలాంటి కొలతలకు కేటాయించాలి. ప్రతి బడికీ 30 మీటర్ల టేపు ఒకటి ఇవ్వాలి. ప్రశ్నపత్రంలో కనీసం ఒక్క లెక్కయినా ‘నూటికి రూపాయిన్నర’ అని మొదలవ్వాలి.

– ఒక గణిత ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా